బ్యాంగా, థడ్డా, థంపా? చప్పుళ్ళకీ దెబ్బలకీ ఇంగ్లీషు మాట ఎలా ఎంచుకుంటారు?

ఉపశీర్షిక (హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ తెలుగు సినిమాలకి ఇంగ్లీషు క్యాప్షన్లు రాస్తుంటాను. మామూలు సబ్‌టైటిల్స్ కావు, వినపడనివాళ్ళ కోసం రాసేవి. మాటలతో పాటు చప్పుళ్ళు కూడా రాయాలి. తలుపు ఎవరో కొట్టారు, గ్లాసు పగిలింది, ఉరిమింది, ఇలా. చాలా ప్లాట్‌ఫారాల్లో ఇంగ్లీషుకి వరసకి 42 అక్షరాలు, రెండే వరసలు. మాటలు పోగా చప్పుడికి మిగిలేది ఒక్క పదం, మహా అయితే రెండు.

ఇప్పుడు చేస్తున్నదాంట్లో ఒక గోడౌన్ ఫైటుంది. హీరో ఒకణ్ణి ఎత్తి ధాన్యం బస్తాల మీద పడేస్తాడు. ఇంకొకడి చేతిలోంచి ఇనప రాడ్డు జారి సిమెంటు గచ్చు మీద పడుతుంది. రోలింగ్ షట్టరు దించేస్తారు. నేను బస్తాల దగ్గర థడ్ అనీ, రాడ్డు దగ్గర క్లాంగ్ అనీ, షట్టరు దగ్గర స్లామ్ అనీ రాశాను. రివ్యూలో బస్తాల దగ్గర బ్యాంగ్, రాడ్డుకి క్లాటర్, షట్టరుకి రాటిల్ అని మార్చి పంపారు. కారణం రాయలేదు. నిఘంటువు తీస్తే అన్నిటికీ "పెద్ద చప్పుడు" అనే ఉంది.

పర్యాయపదాల జాబితాలు నా దగ్గర చాలా ఉన్నాయి. నాకు కావలసింది అది కాదు. చప్పుడు విన్నాక ఈ మాటే ఎందుకు, ఆ మాట ఎందుకు కాదు అని చెప్పగలగాలి.

సూటిగా (మారతహళ్ళి)

లౌడ్ నాయిస్ అని రాస్తే సరిపోదా అండీ? చూసేవాళ్ళకి తెర మీద కనబడుతూనే ఉంటుంది కదా.

ఉపశీర్షిక

కనబడే చప్పుడుకి మీరన్నది కొంతవరకూ చెల్లుతుంది. కనబడనిది ఎలా? హీరోయిన్ వంటింట్లో ఉంటుంది, పక్కగదిలోంచి ఏదో వినిపించి ఉలిక్కిపడుతుంది. అక్కడ థడ్ అంటే మనిషి కూలబడ్డాడేమో అనుకుంటారు. బ్యాంగ్ అంటే తుపాకీ పేలిందేమో అనుకుంటారు. థియేటర్లో వినగలిగే మనకి ఆ అనుమానం ఎటు వెళ్ళాలో చెవే చెప్పేస్తుంది. వాళ్ళకి ఆ ఒక్క మాటే ఆధారం. అందుకే ఇంత పట్టు.

గేర్‌బాక్స్ (బొమ్మసంద్ర)

ఇది నా రోజువారీ పని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కార్లలో చప్పుళ్ళు పరీక్షించే విభాగం నాది. నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్ మూడూ కలిపి ఎన్‌వీహెచ్ అంటాం.

మా ల్యాబ్‌లో ఇంపాక్ట్ హ్యామర్ అని చిన్న సుత్తి ఉంటుంది. దాని మొన విప్పి మార్చుకోవచ్చు. రబ్బరుది, ప్లాస్టిక్‌ది, స్టీలుది. ఒకే కారు తలుపు రేకుని, ఒకే చోట, ఇంచుమించు ఒకే బలంతో కొట్టి చూడండి. రబ్బరు మొనతో కొడితే దబ్ అంటుంది. స్టీలు మొనతో కొడితే ఠంగుమంటుంది. రబ్బరు తాకినప్పుడు నొక్కుకుపోతుంది, రేకుని అంటిపెట్టుకుని కాస్త ఎక్కువసేపు ఉంటుంది. తాకిడి ఎంతసేపు సాగితే పైస్థాయి ధ్వనులు అంత తక్కువ పుడతాయి, బొంగురు చప్పుడే మిగులుతుంది. స్టీలు తాకీ తాకగానే వెనక్కి వచ్చేస్తుంది. దాంతో కింది నుంచి పైదాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ లేస్తాయి, రేకు తన తీరున తను మోగుతుంది.

థడ్ అనే మాట ఎక్కడ పడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కొట్టిందో తిన్నదో, రెండిట్లో ఒకటన్నా మెత్తగా ఉండాలి. బరువుండాలి. తర్వాత మోత ఉండకూడదు. ధాన్యం బస్తాల మీద మనిషి పడితే రెండువైపులా మెత్తనే, మోగేది ఏదీ లేదు. మీరు రాసిందే సరైనది. బ్యాంగ్ అంటే హఠాత్తుగా పేలినట్టు రావాలి: టపాకాయ, తుపాకీ, గాలికి తలుపు కొట్టుకోవడం. బస్తాలు అలా పేలవు.

రాడ్డు దగ్గర మాత్రం మీ ఇద్దరిదీ నిజమే. రెండూ వేర్వేరు క్షణాలు. గచ్చుని మొదట తాకినప్పుడు క్లాంగ్. ఆ తర్వాత ఒక కొస లేచి, ఇంకో కొస పడి, మళ్ళీ ఇది లేచి, దొర్లుతూ చేసేది క్లాటర్. క్యాప్షన్ ఏ క్షణం దగ్గర మొదలవుతుందో చూసుకోండి. షట్టరూ అంతే, దిగుతున్నంతసేపూ రాటిల్, అడుగు నేలకి తగిలినప్పుడు స్లామ్.

ఉపశీర్షిక

గేర్‌బాక్స్ గారూ, సుత్తి మొన సంగతి చాలా ఉపయోగపడింది. క్లాటర్‌కీ రాటిల్‌కీ మాత్రం ఇంకా తేడా చిక్కడం లేదు. రెండూ గలగలే కదా?

గేర్‌బాక్స్

రాటిల్ అంటే వదులైన వస్తువు తన చోటు వదలకుండా ఊగుతూ కొట్టుకోవడం. కిటికీ అద్దం, డబ్బాలో గోళీలు, సైలెన్సరు మీది రేకు కవచం. కదిలించేది ఆగితే ఇదీ ఆగుతుంది. క్లాటర్ అంటే గట్టి వస్తువులు ఒకదాని మీద ఒకటి పడి చెల్లాచెదురు కావడం. సింకులో స్టీలు గిన్నెలు పడేస్తే వచ్చేది క్లాటర్. అవే గిన్నెలు అలమరాలో ఉండగా కింద లారీ వెళ్తే వచ్చేది రాటిల్.

పాత నల్లబల్ల (బనశంకరి)

అనంతపురంలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి, ఇప్పుడు ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాను. గేర్‌బాక్స్ చెప్పిన భౌతికశాస్త్రం ఇంగ్లీషు మాటల అక్షరాల్లోనే దాగుంది. అది చెప్పాలనే ఇంత పొద్దుపోయాక కూర్చున్నాను.

మాట చివరి ధ్వనిని వినండి. క్లాంగ్, రింగ్, డింగ్: చివర అనునాసికం, అంటే ముక్కుతో పలికే ధ్వని ఉంది, నోట్లో మోత సాగుతుంది, వస్తువు మోత కూడా సాగుతుంది. ఆ మోతని ఒక క-కారంతో కత్తిరించండి. క్లాంక్, క్లింక్, క్లంక్ వస్తాయి. మోగబోయి ఆగిపోయినవి. గొలుసు గుంజితే క్లాంక్. గుడి గంట క్లాంక్ అనదు. అనుకోకుండా చెయ్యి అడ్డుపెడితే అంటుంది.

క్రాష్, స్మాష్, స్ప్లాష్, స్లాష్ చూడండి. చివర ష్ ఉన్నచోట ఏదో ఒకటి పగలడమో చిందడమో చెదరడమో ఉంటుంది. క్రాక్, స్మాక్, వ్యాక్, థ్వాక్: పొడిగా, తెంచినట్టు, ఒక్కసారే. థంప్, బంప్, డంప్: బరువుగా, గుండ్రంగా, మొద్దుగా.

అచ్చు కూడా పనిచేస్తుంది. క్లింక్‌లో ఇ ఉంది, చిన్నవి, రెండు గాజు గ్లాసులు. క్లాంక్ అంతకన్నా పెద్దది. క్లంక్ అంటే బరువైన ఇనుము ఇనుముకి తగిలి మోగకుండా ఉండిపోవడం. చిన్నదానికి ఇ-కారం, పెద్దదానికి నోరు తెరిచే అచ్చు రావడం ఎన్నో భాషల్లో కనిపిస్తుంది. మనమూ కిణకిణ అంటే అందెలు, గణగణ అంటే గంట అనుకుంటాం.

ఇలా అర్థాన్ని మోసే ధ్వని ముక్కలకి జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త 1930లో ఫోనెస్థీమ్ అని పేరు పెట్టాడు. అంతకు ముందు ఆయన లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడు.

సూటిగా

మాస్టారూ, క్యాష్, వాష్ కూడా ష్ తోనే అయిపోతాయి. వాటిలో ఏం పగిలింది? జంప్‌లో మొద్దు చప్పుడేముంది?

పాత నల్లబల్ల

అడగవలసిన ప్రశ్నే నాయనా. ఇది సూత్రం కాదు, మొగ్గు మాత్రమే. మాటలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. క్యాష్ అయితే డబ్బుపెట్టె అనే అర్థంలో ఫ్రెంచి నుంచి దిగింది, దానికి చప్పుడుతో పనిలేదు. అయితే చప్పుడుకి సంబంధించిన మాట అని ముందే తెలిసినప్పుడు చివరి ధ్వని దాదాపుగా దారి చూపిస్తుంది. ఎవరైనా కొత్త చప్పుడు మాట కల్పించినా ఈ దారినే కల్పిస్తారు, వినేవాళ్ళకి అర్థమవుతుంది.

ఇంకొకటి. మాట చివర -ఇల్, -అర్ వస్తే చాలాచోట్ల చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తోందని. ప్యాట్ ఒక్కసారి, ప్యాటర్ రేకు మీద చినుకుల్లాగ వరసగా. రాటిల్, క్లాటర్, రంబుల్, జింగిల్ అన్నీ సాగేవే. మన భాష ఈ పనికి మాటని రెట్టిస్తుంది. టప్‌మని పడింది అంటే ఒక చుక్క, టపటపా పడ్డాయి అంటే వాన మొదలు. ఠక్కున, టకటక. ధన్‌మని, దడదడ. ఉపశీర్షిక గారూ, సీను చూస్తూ ముందు తెలుగులో అనుకోండమ్మా. నోటికి జంట మాట వచ్చిందా, ఒంటి మాట వచ్చిందా? అక్కడే సగం తేలిపోతుంది.

ఉపశీర్షిక

మాస్టారూ, ఇది నేను రేపే వాడతాను. మీరు చెప్పాక ఒకటి తోచింది. మనకి చప్పుడు క్రియ బయట ఉంటుంది. చెళ్ళున కొట్టాడు, ధబీమని పడ్డాడు, ఫెళ్ళున విరిగింది. క్రియ కొట్టు, పడు, విరుగు, అంతే. ఇంగ్లీషులో ఆ చెళ్ళునని క్రియలోకే దూర్చేస్తారు. అందుకే కొట్టు అనే ఒక్క మాటకి నాకు పాతిక ఇంగ్లీషు క్రియలు ఎదురవుతున్నాయి.

పాత నల్లబల్ల

అంతే. చప్పుడే కాదు, దేంతో కొట్టారో కూడా క్రియలోనే ఉంటుంది. విప్పిన అరచెయ్యి అయితే స్లాప్. ముడిచిన పిడికిలి అయితే పంచ్. చేతిలో కర్ర, బ్యాటు, చుట్టిన పేపరు ఉంటే వ్యాక్. కొరడా అయితే లాష్, విప్. వేలికణుపులతో తలుపు మీద నాక్, అదే చురుగ్గా పొడిగా అయితే ర్యాప్, వేలికొసతో తేలిగ్గా ట్యాప్. అరచేతితో ప్రేమగా ప్యాట్. పిడికిలితో పైనుంచి దభీమని దించితే థంప్. మనం ఈ లెక్క క్రియలో కన్నా నామవాచకంలో దాచుకున్నాం. లెంపకాయ చెంపకి, మొట్టికాయ నెత్తికి, జెల్లకాయ తల వెనక, పిడిగుద్దు వీపుకి.

థడ్, థంప్ తేడా ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తాను. చెవికి రెండూ దగ్గరగానే ఉంటాయి, వ్యాకరణం విడదీస్తుంది. బల్లని థంప్ చెయ్యొచ్చు, మనిషిని థంప్ చెయ్యొచ్చు, అది కర్మ తీసుకునే క్రియ. బల్లని థడ్ చేశాడు అని ఇంగ్లీషువాళ్ళు అనరు. థడ్ అనేది వస్తువు తనంతట తాను పడి చేసే చప్పుడు. కాబట్టి కొట్టినవాడు ఉంటే థంప్, పడింది మాత్రమే ఉంటే థడ్.

తనియావర్తనం (మల్లేశ్వరం)

మృదంగం నేర్చుకుంటున్నాను, చిన్న మాట. ఎడమవైపు మూత మీద రవ్వ ముద్ద పెడతాం కదా. అరచెయ్యి వేసి వెంటనే తీసేస్తే తోం అని గుండ్రంగా సాగుతుంది, ఇంగ్లీషులో బూమ్ అనొచ్చు. అదే చెయ్యి తియ్యకుండా అక్కడే ఉంచితే థడ్. వాద్యం అదే, చెయ్యి అదే. గేర్‌బాక్స్ గారు రబ్బరు మొన గురించి చెప్పినది అచ్చం ఇదే.

ఇద్దరమ్మాయిల అమ్మ (బెళ్ళందూరు)

నాకు ఇప్పుడే అవసరం పడింది, అడగొచ్చా? పెద్దపాప స్కూల్లో పక్కనున్న పిల్లవాడు స్కేలుతో చేతి మీద ఒకసారి కొట్టాడట. ఎర్రగా కందింది, అంతే. క్లాస్ టీచరుకి మెసేజ్ పెట్టాలి. పాప ఇంగ్లీషులో "హీ బీట్ మీ" అంటోంది. నేనూ అదే టైప్ చేశాను, మా ఆయన వద్దు, మార్చమంటున్నారు.

పాత నల్లబల్ల

మీ ఆయన చెప్పింది వినండమ్మా. బీట్ అంటే ఒక దెబ్బ కాదు, వరస దెబ్బలు. "హీ బీట్ మీ" అని చదివితే టీచరు కంగారుపడి ఆ పిల్లవాడి తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు. మన కొట్టు ఒక దెబ్బకీ చెల్లుతుంది, పది దెబ్బలకీ చెల్లుతుంది, అందుకని మన పిల్లలందరూ బీట్ అనేస్తారు. ఒక్క దెబ్బకి హిట్. "స్కేలుతో చేతి మీద ఒకసారి హిట్ చేశాడు" అని రాయండి చాలు. చిన్నదాన్ని పెద్దది చెయ్యకూడదు, పెద్దదాన్ని చిన్నదీ చెయ్యకూడదు.

ఇద్దరమ్మాయిల అమ్మ

మార్చి పంపాను మాస్టారూ, ధన్యవాదాలు.

వార్డు నాలుగు (జయనగర్)

ఆస్పత్రిలో నర్సుని. మాస్టారు చివరన్న మాట మా దగ్గర నూటికి నూరుపాళ్ళు నిజం. క్యాజువాలిటీకి దెబ్బలతో వచ్చినవాళ్ళని దేంతో కొట్టారు, ఎక్కడ కొట్టారు అని అడిగి రాయాలి. చాలామంది "కొట్టాడు" అనే అంటారు, అసాల్టెడ్ అని రాసి వదిలేస్తే తర్వాత డాక్టరుకి ఏమీ అందదు.

చెంప మీద అరచేత్తో కొడితే ఒక్కోసారి ఆ అరచెయ్యి చెవిని మూసేస్తుంది. లోపలి గాలి ఒక్కసారిగా నొక్కుకుని కర్ణభేరి చిరుగుతుంది. బయటికి గాయం కనిపించదు, చెవిలో గుయ్ అంటోంది, సరిగా వినపడటం లేదు అంటారు. స్లాప్ అని రాసి ఉంటే డాక్టరు చెవిలోకి చూస్తారు. పంచ్ అని ఉంటే దవడ ఎముక చూస్తారు. కొట్టినవాడే చెయ్యి వాచి వస్తే చిటికెన వేలి వెనక అరచేతి ఎముక చూస్తారు. పిడికిలితో గట్టిగా గుద్దినవాళ్ళకి అక్కడే విరుగుతుంది. దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పేరే ఉంది.

చప్పుడు వినడానికే కొట్టడం కూడా మా దగ్గర ఉంది, పర్కషన్ అంటారు. డాక్టరు ఎడమ మధ్యవేలు రోగి వీపు మీద గట్టిగా ఆనించి, కుడి మధ్యవేలి కొసతో దాని మీద రెండుసార్లు కొడతారు. మోచెయ్యి కదలదు, మణికట్టు ఒకటే ఆడుతుంది, కొట్టిన వేలు వెంటనే లేస్తుంది. కింద గాలి నిండిన ఊపిరితిత్తి ఉంటే మోగుతుంది, రెసొనెంట్. కాలేయం మీద డల్. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే రాయి మీద కొట్టినట్టు స్టోనీ డల్. గ్యాసు ఉన్న పొట్ట మీద టింపానిక్, డప్పు మోత. వియన్నాలో ఔయన్‌బ్రుగ్గర్ అనే డాక్టరు ఈ పద్ధతిని 1761లో ప్రచురించాడు. ఆయన తండ్రి పూటకూళ్ళ ఇల్లు నడిపేవాడు. పీపాలో సారా ఎంతవరకు ఉందో బయట తట్టి తెలుసుకోవడం చూశాకే ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. స్టెతస్కోపు రావడానికి ఇంకా యాభై ఏళ్ళ పైనే పట్టింది.

గేర్‌బాక్స్

సిస్టర్, డల్ అంటే మా థడ్, రెసొనెంట్ అంటే మా రింగ్. మేం తలుపుకి చేసేదే మీరు మనిషికి చేస్తున్నారు.

నల్లకోటు (శివాజీనగర్)

అసాల్ట్ అనే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పేపర్లో "రాడ్డుతో అసాల్ట్" అని చదువుతాం, అంటే కొట్టాడని అనుకుంటాం. చట్టంలో అలా కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 130వ సెక్షన్ ప్రకారం అసాల్ట్‌కి దెబ్బ తగలనక్కర్లేదు. ఎదుటివాడు తన మీద బలప్రయోగం చేయబోతున్నాడని అనుకునేలా చెయ్యెత్తినా చాలు. వట్టి మాటలు మాత్రం చాలవు. బలం నిజంగా ప్రయోగిస్తే క్రిమినల్ ఫోర్స్, 129. ఒంటికి నొప్పి కలిగితే హర్ట్, 114. ఎముక విరిగితే, పన్ను ఊడితే గ్రీవస్ హర్ట్, 116. పాత ఐపీసీలో ఇవే 351, 350, 319, 320.

మా దగ్గరకి వచ్చేవాళ్ళు ఫిర్యాదు ఇంగ్లీషులో రాయించుకునేటప్పుడు తోశాడా, గుద్దాడా, తన్నాడా, చెయ్యెత్తాడా అన్నది వేరువేరుగా రాయించండి. నెట్టు అంటే పుష్, మొరటుగా గట్టిగా నెట్టితే షవ్. తన్ను అంటే కిక్. ఒక్క "అసాల్టెడ్" కింద అన్నీ కలిపేస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడినప్పుడు ఒక్కోదానికీ ఒక్కో ప్రశ్న వస్తుంది, సాక్షి తడబడతాడు.

కోలారు కుర్రోడు (కేఆర్ పురం)

మాది మోటారు ఇన్సూరెన్సు క్లెయిములు. ఇక్కడ అందరూ వాడేది ఒకే మాట, డ్యాష్. లారీ డ్యాష్ ఇచ్చింది, ఆటో డ్యాష్ చేసింది. పోలీసు కాగితాల్లోనూ అదే. మా టీమ్‌కి బయటిదేశం ఆఫీసు నుంచి చూసేవాళ్ళు డ్యాష్ అంటే బండి పరుగెత్తిందా అని అడుగుతున్నారు. మరి ఏం రాయాలి?

పాత నల్లబల్ల

వాళ్ళకి డ్యాష్ అంటే ముందు పరుగే గుర్తొస్తుంది బాబూ. దేన్నయినా నేలకేసి కొట్టడమనే అర్థం ఉంది గానీ బళ్ళు గుద్దుకోవడానికి వాడరు. అది మన దేశపు ఇంగ్లీషు, ఇక్కడివాళ్ళందరికీ అర్థమవుతుంది, ఇక్కడి కాగితాల్లో ఉంటే ఉండనీ. బయటికి వెళ్ళేదాంట్లో మాత్రం జరిగినదాన్నిబట్టి మార్చు. రెండూ కదులుతూ ఢీకొంటే కొలైడ్. వెనక నుంచి వచ్చి గుద్దితే రియర్ ఎండ్. బలంగా ముందుభాగంతో గుద్దుకుంటూ పోతే ర్యామ్. మనిషిని పడగొడితే నాక్ డౌన్, చక్రం మీది నుంచి పోతే రన్ ఓవర్. ఆ రెండిటికీ చాలా తేడా ఉంది, కలపకు. పక్క నుంచి రాసుకుంటూ పోతే స్క్రేప్, సైడ్‌స్వైప్. పార్కింగ్‌లో నెమ్మదిగా తగిలితే బంప్.

కోలారు కుర్రోడు

సిల్క్‌బోర్డు కూడలి దగ్గర జరిగేవి సగం బంపులూ స్క్రేపులే సార్. నాక్ డౌన్, రన్ ఓవర్ తేడా మాకు డబ్బుల లెక్కలో కూడా వస్తుంది. రాసి గోడకి అంటించుకుంటాను.

ఉపశీర్షిక

అందరూ ఇంత ఇచ్చాక నా ఫైలు మళ్ళీ విన్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బొమ్మ ఆపేసి, చప్పుడు మాత్రమే. బస్తాల దగ్గర థడ్ అలాగే ఉంచాను, కారణం రాసి వెనక్కి పంపాను. రాడ్డు దగ్గర క్యాప్షన్ వచ్చేసరికి మొదటి తాకిడి అయిపోతోంది, కాబట్టి క్లాటర్ ఒప్పుకున్నాను. షట్టరు మాత్రం రెండూ పెట్టాను, రాటిల్స్ తర్వాత స్లామ్స్. చోటు సరిపోయింది.

ఒకటి తేలడం లేదు. బామ్మ మనవడి నెత్తిన మొట్టికాయ వేస్తుంది. వెనకనుంచి ఠంగుమని ఎఫెక్టు వేశారు. ఇంగ్లీషులో దీనికి ఒక్క మాట ఉందా?

పాత నల్లబల్ల

అచ్చంగా అదే అర్థానికి అందరికీ తెలిసిన ఒక్క మాట లేదమ్మా. నాక్ అంటే గట్టి దెబ్బ అనుకుంటారు, కఫ్ అంటే అరచేత్తో తల పక్కన తేలిగ్గా ఇచ్చేది. వేలికణుపులు, చురుకు, ఒక్కసారి, ఈ మూడూ ర్యాప్‌లో ఉన్నాయి. "బామ్మ అతని తల మీద ర్యాప్ చేసింది" అనండి. బామ్మ తెర మీద కనిపిస్తుంటే బామ్మ కూడా అక్కర్లేదు.

సూటిగా

ఆ ఠంగు నిజం చప్పుడు కాదు కదా, నవ్వు కోసం వేసింది. నెత్తి అలా మోగదు. దాన్ని రాస్తారా?

ఉపశీర్షిక

రాయాలండీ. హాలంతా నవ్వేది ఆ ఠంగుకే. ర్యాప్ అని ఒక్కటే పెడితే మొట్టికాయ పడిందని తెలుస్తుంది, నవ్వు ఎందుకొచ్చిందో తెలియదు. కామికల్ క్లాంగ్ అని పెడుతున్నాను. మొట్టికాయ తెర మీద కనబడుతూనే ఉంది, ఠంగు ఒకటే వాళ్ళకి అందనిది.

సూటిగా

ఒప్పుకున్నాను. మొదట్లో లౌడ్ నాయిస్ చాలన్నాను, ఈ ఒక్కదానికి మాత్రం అస్సలు చాలదు.

కోలారు కుర్రోడు

గేర్‌బాక్స్ అన్నా, పనిలో పని. నా పాత హ్యాచ్‌బ్యాక్ స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు ముందు ఎడమవైపు దడ్ అంటోంది. సర్వీస్ సెంటర్లో నాయిస్ అని రాసుకుని, ఏమీ లేదని తిప్పి పంపారు.

గేర్‌బాక్స్

తమ్ముడూ, జాబ్‌కార్డులో నాయిస్ అని రాయనివ్వకు. ఇనుము ఇనుముకి తగిలి మోగకుండా ఆగిపోయినట్టు ఒక్కసారి వస్తోందా? అయితే క్లంక్. స్టెబిలైజర్ లింకు, లోయరు ఆర్మ్ బుష్, బాల్ జాయింటు, ఈ వరసలో చూడమను. గతుకుల్లో గలగలమని సాగుతుంటే రాటిల్, వదులైన రేకో బ్రాకెట్టో అయి ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టక్ టక్ టక్ అంటే క్లిక్, డ్రైవ్ షాఫ్టు బయటి జాయింటు. బ్రేకు వేస్తే కీచుమంటే స్క్వీల్, ప్యాడ్లు చూపించు. గరగర రాసుకుంటుంటే గ్రైండ్, ప్యాడు అరిగిపోయి ఇనుము డిస్కుకి తగులుతోందన్నమాట, దానితో మాత్రం బండి నడపొద్దు.

ఫోన్‌లో చప్పుడు రికార్డు చేసి, ఏ స్పీడులో, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అన్నది కూడా రాయించు. ముందు ఎడమ, స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు, ఒకే క్లంక్. ఇంతే రాస్తే చాలు, లిఫ్టు ఎక్కించగానే మెకానిక్ చెయ్యి నేరుగా లింకు మీదికే వెళ్తుంది.

కోలారు కుర్రోడు

శనివారం తీసుకెళ్తున్నా అన్నా. దిగేటప్పుడే, ఒక్కసారే. క్లంక్ అనే రాయిస్తాను.